నిదానం



కొంతకాలంగా ఈ పుటలో ఏమీ వ్రాయలేకపోయాను. ఒంట్లో బాగుందా అని ఇద్దరు ముగ్గురు కుశలమడిగారు. నేను నిక్షేపంగా ఉన్నాను. బాగులేనివి మా ఇంటి చేపలు. ఇంకా సరిగా చెప్పాలంటే ఒకమారు నిజంగానే వాటికి బాగులేదు, మరొకమారు బాగులేదని నేను భ్రమించాను. ఆ రెంటికీ గల భేదం తెలియక చేసిన పని ఒకటి మనసులో ములుకులా ఉండిపోయింది. చెప్పుకుంటే కొంత తగ్గుతుందేమోనని ఈ టపా వ్రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా 2022 జూన్‌లో గుడివాడ విడిచి పుణె వెళ్ళారు. సామానంతా లారీ ఎక్కింది. చేపల తొట్టె మాత్రం మా వసారాలో దిగింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజు తొట్టె. అందులో మూడు గోల్డ్‌ఫిష్‌లు. అప్పటికి ఏడేళ్ళవాడైన మా మనవడు వాటికి రాజు, రాణి, మంత్రి అని నామకరణం చేశాడు. రాజెవరో రాణెవరో ఎలా తెలిసిందిరా అని అడిగితే, "తోక పొడుగ్గా ఉన్నది రాణి, తాతయ్యా" అన్నాడు. బయలుదేరే ముందు నా చేత ఒట్టు వేయించుకున్నాడు. రోజుకు రెండుసార్లే మేత వేయాలి. జాలి కలిగినా మూడవసారి వేయరాదు.

"ముప్పై ఆరేళ్ళు పిల్లల తప్పులు దిద్దారు. ఇక చేపల తప్పులు దిద్దండి" అంది మా ఆవిడ.

భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడనే రాజర్షి కథ మీకు తెలిసినదే. నదిలో తర్పణం విడుస్తుండగా దోసిట్లోకి ఒక చేపపిల్ల వచ్చింది. దానిని కమండలంలో వేశాడు. తెల్లవారేసరికి కమండలం చాలలేదు. గంగాళమూ చాలలేదు, మడుగూ చాలలేదు. ప్రతిసారీ ఆ చేప నోరు తెరచి, ఈ చోటు ఇరుకుగా ఉంది, మరొక చోటికి మార్చమని అడిగింది. అది సాక్షాత్తు విష్ణువు కనుక అడగగలిగింది. మన తొట్టెలోని చేపలు అడగలేవు. వాటికి మాటలు లేవు, రెప్పలు లేవు, ఏడుపు లేదు. ఉన్నదల్లా ఒళ్ళే. ఏమైనా చెప్పాలంటే ఒంటిమీదనే చెప్పాలి. ఆ లిపి చదవడం నాకు వచ్చుననుకోవడంతోనే చిక్కు మొదలయింది.

2023 సంక్రాంతికి పిల్లలు వచ్చారు. మనవడిని సంతోషపెడదామని బజారుకు వెళ్ళి మరొక చేపను కొని తెచ్చాను. పాలిథిన్ సంచిని కాసేపు తొట్టెలో తేలవేసి, ఆ నీటితో సహా చేపను లోపలికి వదిలాను. దానికి సేనాపతి అని పేరు పెట్టారు. కనుమ మరునాడు పిల్లలు పుణె వెళ్ళిపోయారు. మరి మూడు రోజులకు మంత్రి ఒళ్ళు గులకరాళ్ళకు రుద్దుకోవడం చూచి, ఆడుకుంటున్నదనుకొని ముచ్చటపడ్డాను. ఆ తరువాత రెండు రోజులకు దాని తోకమీద, వీపుమీద తెల్లని చుక్కలు కనిపించాయి. ఎవరో చిటికెడు ఉప్పు తీసుకొని చల్లినట్లున్నాయి.

ఈ వ్యాధిని తెల్లచుక్కల జబ్బు అంటారు. అక్వేరియం పెంచేవారు ముద్దుగా "ఇక్" అని పిలుస్తారు. కారణం ఒక ఏకకణజీవి, ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలిస్. 1876లో ఫుకే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరిది. గ్రీకు, లాటిన్ పదాలను విడదీసి చూస్తే "అనేక సంతానం గల చేపపేను" అని అర్థం వస్తుంది. బహువ్రీహి సమాసానికి ఇంతకంటె చక్కని విదేశీ ఉదాహరణ నాకు సర్వీసులో దొరకలేదు. ఆ పేరులోనే వ్యాధి స్వభావమంతా ఉన్నదని ఆనాడు గ్రహించి ఉంటే బాగుండేది.

దుకాణంలో అడిగి నీలిమందు, అంటే మిథిలీన్ బ్లూ, తెచ్చి వేశాను. నీరు నెమలికంఠంలా మారింది. మూడవనాటికి చుక్కలు లేవు! వీడియో కాల్‌లో మనవడికి విజయవార్త చెప్పాను. మందు ఆపాను, నీరు మార్చాను. వారం తిరిగేసరికి నాలుగు చేపలమీదా చుక్కలే చుక్కలు. ముందు పది ఉన్నచోట ఇప్పుడు వంద. సేనాపతి రెండు రోజులలో పోయింది. మంత్రి మూడవనాడు పోయింది.

అప్పుడు కూర్చుని చదివాను. చేపమీద మనకు కనిపించే తెల్లచుక్క ఆ జీవి చర్మపు పైపొర క్రింద దాగి, మేస్తూ బలుస్తున్న దశ. పైన పొర కప్పి ఉండటం వలన మందు దానిని తాకదు. బలిసిన తరువాత అది తనంత తానే చేపను విడిచి అడుగుకు దిగుతుంది. గులకరాళ్ళను అంటుకొని, చుట్టూ గూడు కట్టుకొని, లోపల రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ వందల సంఖ్యలో పిల్లలవుతుంది, ఒక్కొక్కసారి వేయి వరకు. ఆ పిల్లలు గూడు చీల్చుకొని ఈదుతూ చేపను వెదుకుతాయి. రెండు రోజుల లోపల చేప దొరకకపోతే చస్తాయి. మందుకు చిక్కేది ఈ ఈదులాడే దశలోనే. వెచ్చని నీటిలో ఈ చక్రం వారం లోపలే పూర్తవుతుంది. నీరు చల్లబడినకొద్దీ వారాలకు సాగుతుంది.

అంటే మూడవనాడు చుక్కలు మాయమైనది వ్యాధి తగ్గి కాదు. శత్రువు సంతానవృద్ధికై తొట్టె అడుగుకు దిగింది. సరిగ్గా నేను ఆయుధం ప్రయోగించవలసిన రోజున విజయోత్సవం జరుపుకున్నాను.

మిగిలిన రెండింటికీ పద్ధతిగా చేశాను. అంగడిలో దొరికే రాళ్ళ ఉప్పే మందు. లీటరుకు రెండు గ్రాముల లెక్కన, ఒక్కసారి కాక రెండు రోజులలో విడతలుగా, నీటిలో కరిగించి పోశాను. హీటరుతో నీటి వేడిని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచాను. వేడికి ఆ జీవి చక్రం త్వరగా తిరుగుతుంది, త్వరగా మందుకు చిక్కుతుంది. గాలిమోటారు రాత్రింబవళ్ళు నడిపాను. రోజు విడిచి రోజు అడుగున గొట్టం పెట్టి మురికిని లాగి, ఆ మేరకు కొత్త నీరు, కొత్త ఉప్పు కలిపాను. చివరి చుక్క పోయిన తరువాత కూడా పది రోజులు మానలేదు. రాజు, రాణి దక్కాయి.

ఈ అనుభవం నాకు విద్య నేర్పిందని అనుకున్నాను. నిజానికి నేర్పినది భయాన్ని. ఆ రెంటికీ భేదం మరుసటి సంవత్సరం తెలిసింది.

2024 ఫిబ్రవరిలో ఒక ఉదయం మేత వేస్తూ చూస్తే రాణి మొప్పల మూతలమీద తెల్లని చుక్కలు! నా గుండె జారిపోయింది. కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చూచాను. సందేహం లేదు, చుక్కలే. అంతేకాదు, అది రాజు వెంట పడి, తొట్టె ఈ చివరి నుండి ఆ చివరికి తరుముతున్నది. జబ్బు బాధకు పిచ్చెత్తినదనుకున్నాను.

ఈసారి ఆలస్యం చేయరాదని నిశ్చయించుకొని ఆ పూటే బజారుకు వెళ్ళాను. ఉప్పుతో సరిపెట్టవద్దు, ఘాటైనది ఇమ్మని అడిగాను. మలకైట్ గ్రీన్, ఫార్మాలిన్ కలిసిన మందు సీసా ఇచ్చారు. తొట్టె కొలతలను బట్టి రెండు ఘనపుటడుగులు, యాభై ఆరు లీటర్లు అని లెక్కకట్టి, దానిని అరవైగా సవరించి చుక్కలు వేశాను. అడుగున ఉన్న రాళ్ళను, పైన విడిచిన ఖాళీని తీసివేస్తే ఉన్న నీరు నలభై అయిదు లీటర్లకు మించదని తోచలేదు. కిందటిసారి వేడి మేలు చేసింది కదా అని హీటరును ఒక్క దెబ్బతో ముప్పై డిగ్రీలకు తిప్పాను. గాలిమోటారు శబ్దానికి నిద్ర పట్టడం లేదని మా ఆవిడ అనగా, ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని ఆపివేశాను.

నీటిలో ప్రాణవాయువు కరిగి ఉంటేనే చేప బ్రతుకుతుంది. ఇరవై డిగ్రీల వేడిగల లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలుస్తుంది. ముప్పై డిగ్రీల వద్ద నిలిచేది 7.5 మాత్రమే. ఫార్మాలిన్ అందులో నుండి మరికొంత హరిస్తుంది. వేడికి చేప ఊపిరి మాత్రం ఎక్కువ అడుగుతుంది. ఇవన్నీ తరువాత తెలుసుకున్న సంగతులు.

తెల్లవారి చూస్తే రాణి నీటి పైకి వచ్చి నోరు తెరచి గుటకలు వేస్తున్నది. రాజు అడుగున ఒక పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు కదలడం లేదు. చేతిలోకి తీసుకొని చూచాను. దాని ఒంటిమీద ఒక్క చుక్క కూడా లేదు.

మందు వేసిన నీటిలో సగానికి పైగా తీసివేసి కొత్త నీరు పోశాను. రాణి బ్రతికింది. దాని మొప్పలమీది చుక్కలు మాత్రం వారం గడచినా చెక్కుచెదరలేదు. పెరగలేదు, తరగలేదు, చోటు మారలేదు. ఈ మొండి జబ్బు ఏమిటో తెలియక, మా వీధి చివర ఉండే ఒక పెద్దమనిషిని పిలుచుకొని వచ్చాను. కైకలూరు ప్రాంతంలో చేపపిల్లలను పుట్టించే హేచరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి మానుకున్నవారు. చదువు అయిదవ తరగతి.

ఆయన వచ్చి కుర్చీ లాక్కొని తొట్టె ముందు కూర్చున్నారు. నేను చెప్పబోతే చేత్తో ఆగమన్నారు. పది నిమిషాలు ఊరకే చూచారు. తరువాత చేయి తడుపుకొని, రాణిని అరచేతిలోకి మెల్లగా తీసుకొని, పక్క రెక్క ముందంచు వెంట బొటనవ్రేలు నడిపారు.

"గరుగ్గా ఉందండీ మాస్టారూ. ఇది రాణి కాదు, మగది. ఈ చుక్కలు రోగం కాదండీ. ఈడొచ్చిన మగచేపకు ఎదకాలంలో మొప్పల మీద, ఈ రెక్కల మీద ఇట్టా పొక్కులొస్తాయి. మా హేచరీలో బొచ్చెల్నీ శీలావతుల్నీ ఇంజెక్షనుకు తీసేటప్పుడు రెక్క తడిమే మగదో ఆడదో చెప్పేవాళ్ళం. ఇదీ ఆ జాతిదే కదండీ" అన్నారు. దానిని నీటిలో వదిలి, "దీనికి జోడీ ఏదండీ?" అని అడిగారు.

నేను బదులు చెప్పలేదు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. గోల్డ్‌ఫిష్‌ది మన బొచ్చె, శీలావతుల కుటుంబమే. చలి తగ్గి నీరు వెచ్చబడే వేళ మగచేప మొప్పల మూతలమీద, పక్క రెక్కల ముందంచుమీద ఈ పొక్కులు లేస్తాయి. మన గోళ్ళు ఏ పదార్థంతో ఏర్పడతాయో ఇవీ దానితోనే ఏర్పడతాయి. ఆ కాలం కాగానే వాటంతట అవే పోతాయి. రాణి రాజును తరిమినది పిచ్చెత్తి కాదు. అది వాటి పెళ్ళిసందడి. ఆ సందడిలో పెళ్ళికూతురిని నేను చంపాను, లేని రోగానికి మందు వేసి.

విద్యార్థులకు భ్రాంతిమదలంకారం ఎన్ని ఏళ్ళు చెప్పానో లెక్కలేదు. పోలికను బట్టి ఒక వస్తువును మరొకటిగా భ్రమించుట. దాని పక్కనే సందేహాలంకారం చెప్పేవాడిని. ఇదా, అదా అని నిశ్చయింపలేకపోవుట. కావ్యంలో రెండూ అందమైనవే. వైద్యంలో మాత్రం సందేహం ప్రాణం నిలుపుతుంది, భ్రాంతి ప్రాణం తీస్తుంది.

మాధవకరుని "మాధవనిదానం" ఆయుర్వేదంలో రోగనిర్ణయానికి ప్రసిద్ధ గ్రంథం. సంస్కృతంలో నిదానమంటే మూలకారణం, రోగనిర్ణయం. తెలుగులో నిదానమంటే తొందరపడకపోవడం. ఈ అర్థం మనవారి నోట ఎలా స్థిరపడిందో నిఘంటువుల వారు చెప్పాలి గాని, ఆ పెద్దమనిషి కుర్చీలో కూర్చున్న పది నిమిషాలలో నాకు రెండర్థాలూ ఒక్కటిగా కనిపించాయి.

మన వైద్యులు రోగాన్ని తెలుసుకునేందుకు అయిదు మార్గాలు చెప్పారు. నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. చేపలు పెంచే మిత్రులకు పనికివస్తుందని, నా తప్పులను ఆ అయిదింటిలో పెట్టి చెబుతాను.

నిదానం, అనగా కారణం. ఈ మధ్య ఏమి మారింది? కొత్త చేప వచ్చిందా? నీరు మార్చామా? చలి పెరిగిందా? సేనాపతి వచ్చిన తరువాత వచ్చినది అసలు జబ్బు. రెండవసారి కొత్తగా వచ్చినది ఏదీ లేదు, వసంతం తప్ప. అన్నిటికంటె ముందు నీటిని పరీక్షించుకోవాలి. చేప విసర్జించే అమోనియా ఎక్కువైతే ఒళ్ళు కాలుతుంది. అమోనియాను చూచే చిన్న పరీక్ష సీసాలు దుకాణాలలో దొరుకుతాయి. వందకు డెబ్బై జబ్బులు నీటిలోనే ఉంటాయని హేచరీ పెద్దమనిషి అంటారు. లెక్క ఆయనది, అనుభవమూ ఆయనదే.

పూర్వరూపం, అనగా ముందు కనిపించే సూచన. అసలు తెల్లచుక్కల జబ్బుకు ముందు చేప ఒళ్ళు రాళ్ళకు రుద్దుకుంటుంది, రెక్కలు ముడుచుకుంటుంది, మేత విడుస్తుంది. రాణి రెక్కలు విచ్చుకొని, మేత అడిగి మరీ తింటూ, ఈదుతూనే ఉంది. నేను చుక్కలను చూచాను గాని చేపను చూడలేదు.

రూపం, అనగా లక్షణం. ఉప్పురవ్వల్లా, మిల్లీమీటరుకు మించకుండా, ఒళ్ళంతా అడ్డదిడ్డంగా, రోజురోజుకు పెరిగితే తెల్లచుక్కల జబ్బు. మొప్పలమీద, పక్క రెక్కల అంచున వరుసగా ఉండి కదలకపోతే అది యౌవనం. గదిలో దీపం ఆర్పి టార్చిలైటు పక్కగా వేస్తే బంగారు పొడి చల్లినట్లు కనిపిస్తే వెల్వెట్ అనే వేరొక పరాన్నజీవి. రెక్క అంచున గోబిపువ్వు తునకలా కండ పెరిగితే అది వైరస్ పని. లింఫోసిస్టిస్ అంటారు. దానికి మందు లేదు. మంచి నీటిలో ఉంచితే చాలావరకు తానే తగ్గుతుంది. దూదిపింజలా తెల్లగా ఉన్నదంతా బూజు కాదు, కాలమ్నారిస్ అనే బాక్టీరియా కూడా అలాగే కనిపిస్తుంది. దానికి వేడి పెంచితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఒక జబ్బు మందు మరొక జబ్బుకు విషమయ్యే చోటు ఇదే.

ఉపశయం అంటే తేలని రోగంలో మందో పథ్యమో ఇచ్చి, దేనికి నెమ్మదిస్తుందో చూచి రోగాన్ని గుర్తించడం. నేను చేసినది ఇదే అని ఎవరైనా సమర్థించవచ్చు. కాని వరుసలో అది నాలుగవది. నేను దానినే మొదటిదిగా చేశాను. అయిదవదైన సంప్రాప్తి, రోగం ఏ దారిన వచ్చి ఎలా పెరుగుతుందో తెలుసుకోవడం. అది తెలియకనే మూడవనాడు మందు ఆపి మంత్రిని పోగొట్టుకున్నాను.

ఇంతటితో ముగించవచ్చు. కాని ములుకు అని మొదట అన్నది చేప సంగతి ఒక్కటే కాదు.

తొంభైల తొలినాళ్ళలో నేను కొల్లేటి దాపున ఒక ఊరి ఉన్నత పాఠశాలలో పనిచేసేవాడిని. ఆ రోజుల్లోనే చేపలకు ఎర్రపుండ్ల జబ్బు వచ్చింది. 1988లో ఈశాన్య రాష్ట్రాలలో ప్రవేశించి దేశమంతటా ప్రాకిన జబ్బు. కొర్రమీనులు ఒంటినిండా పుండ్లతో ఒడ్డుకు కొట్టుకొని వచ్చేవి. అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజువంటి జీవి దానికి మూలమని తరువాత శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఆనాడు ఊరికి తెలిసినదల్లా భయమే. ఆ చేపను తింటే మనుషులకూ పుండ్లు వస్తాయని జనం చేపలు కొనడం మానేశారు. అది మనుషులకు అంటేది కాదు. రైతులు చెరువుల్లో సున్నం చల్లుకుంటూ కూర్చున్నారు. ఒంటిమీద మచ్చ అంటే ఊరంతా ఉలిక్కిపడే కాలం.

తొమ్మిదవ తరగతిలో చెరువు కాపలాదారు కొడుకు ఒకడు ఉండేవాడు. ఒకనాడు ఉక్తలేఖనం చెబుతూ బల్లల మధ్య తిరుగుతుంటే, వాడి మెడ వెనుక, చొక్కా కాలరు క్రింద, పాలిపోయిన మచ్చలు కనిపించాయి. రెండు, మూడు, చొక్కా లోపలికి ఇంకా ఉన్నాయి. నాకు ఒక్కటే తోచింది. ఆ మాట నోటితో అనలేదు. "నువ్వు రేపటి నుంచి ఆ కిటికీ పక్క బల్ల మీద ఒక్కడివే కూర్చో" అన్నాను. ఎందుకని వాడు అడగలేదు. మిగతా పిల్లలూ అడగలేదు. అందరికీ అర్థమయింది.

రెండు వారాల తరువాత కుష్ఠు నివారణ కార్యకర్త బడికి వచ్చాడు. వాడిని కళ్ళు మూసుకోమని, దూదిపోగుతో ఒక్కొక్క మచ్చను తాకి, తాకిన చోట వ్రేలు పెట్టి చూపమన్నాడు. ప్రతిసారీ వాడు తప్పకుండా చూపాడు. స్పర్శ పోలేదు. "శోభి మాస్టారూ. చెమటకు వస్తుంది. పూతమందు రాస్తే కొన్ని వారాల్లో పోతుంది" అని కార్యకర్త వెళ్ళిపోయాడు. ఆ పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

నేను వాడిని పాత చోటికి వెళ్ళమన్నాను. వాడు వెళ్ళి కూర్చున్నాడు. పక్కవాడు జరిగాడు. దసరా సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. వాళ్ళ నాన్నను ఒకసారి బజారులో అడిగితే, "చెరువు పనికి పెట్టానండీ, చదువు ఎక్కట్లేదన్నాడు" అన్నాడు. వాడి దస్తూరీ ముత్యాల్లా ఉండేది. చదువు ఎక్కకపోవడమేమిటి? ఇంటికి వెళ్ళి మాట్లాడదామనుకున్నాను. వెళ్ళలేదు. ఆ సంవత్సరమే నాకు బదిలీ అయింది.

అది నిజంగా కుష్ఠే అయి ఉంటే నా పని సబబయ్యేదా? కాదు. అప్పటికి ఆ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందులు ఊరూరా ఉచితంగా ఇస్తున్నారు. మందు మొదలుపెట్టిన వాడిని వేరుగా కూర్చోబెట్టవలసిన పనే లేదు. నేను రోగనిర్ణయంలోనూ తప్పాను, చికిత్సలోనూ తప్పాను. పండితుడిని కనుక శంకించడం నాకు అవసరం లేదనుకున్నాను. ఎర్రసిరా కలం చేతిలో ఉన్నవాడికి కంటికి కనిపించిన ప్రతి గుర్తూ తప్పుగానే తోస్తుంది.

ముప్పై ఏళ్ళుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చుక్క ఒక్కటి కూడా లేని ఆ చేపను చేతిలో పెట్టుకొని నిలబడిన ఉదయం, మా ఆవిడకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ అబ్బాయి పేరు గుర్తుందా?" అని అడిగింది. గుర్తుంది. హాజరుపట్టీలో ఎన్నవ సంఖ్యో కూడా గుర్తుంది. ఇక్కడ వ్రాయను. ఆ ఊరివారిని ఇద్దరిని అడిగాను. ఆ కుటుంబం ఎప్పుడో ఊరు విడిచి వెళ్ళిందన్నారు. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

మనవడికి కూడా నిజం చెప్పాను. రాజు జబ్బుతో పోయిందని చెప్పవచ్చునని మా అమ్మాయి అంది. వద్దన్నాను. "నేను సరిగా చూడకుండా మందు వేశాను నాన్నా, అందుకు పోయింది" అన్నాను. వాడు ఫోనులో కాసేపు ఊరకున్నాడు. "మరి రాణి ఒక్కతే ఉందా తాతయ్యా?" అని అడిగాడు. రాణి ఆడది కాదని చెబితే కొంచెం నవ్వాడు. పేరు మార్చవద్దన్నాడు.

ఆ వేసవి తరువాత మరొక చేపను తెచ్చాను. ఈసారి నేరుగా తొట్టెలో వదలలేదు. ప్లాస్టిక్ టబ్బులో, వేరే గాలిగొట్టంతో, నాలుగు వారాలు విడిగా ఉంచి చూచాను. వేరుగా ఉంచడం ఇక్కడ న్యాయమే. ఎందుకు ఉంచుతున్నామో, ఎన్నాళ్ళో తెలిసి, రోజూ దగ్గర కూర్చుని చూచుకుంటూ ఉంచాను కనుక. 2025 ఫిబ్రవరిలో రాణి మొప్పలమీద మళ్ళీ తెల్లని చుక్కలు పొడిచాయి. కొత్త చేప వెంట పరుగులు మొదలయ్యాయి. మా ఆవిడ వచ్చి చూచి, "మీ రాణికి మీసాలు వచ్చాయండీ" అంది. ఒక తెల్లవారుజామున నాచుమొక్కల మీద ఆవగింజలకంటె చిన్నవి, పారదర్శకమైన గుడ్లు కనిపించాయి. నేను కళ్ళజోడు తెచ్చుకునేలోపల సగం అవే తినేశాయి. గోల్డ్‌ఫిష్‌ల నడవడి అంతే.

ఈ వారం కొత్త చేప తోక అంచున నల్లని మరక ఒకటి కనిపిస్తున్నది. గోల్డ్‌ఫిష్ ఒంటిమీద నలుపు చాలాసార్లు కాలిన చోటు మానుతున్న గుర్తు. పుండు కాదు, పుండు మానిన మచ్చ. వయసుతో రంగు మారడమూ కావచ్చు. నీటిని పరీక్షించాను. అమోనియా కొద్దిగా ఉంది. మేత ఎక్కువయినట్లున్నది, మూడవసారి వేయనన్న ఒట్టు నేను అప్పుడప్పుడు తప్పుతున్నమాట నిజం. నాలుగోవంతు నీరు మార్చాను. మందు సీసా అలమారలోనే ఉంది.

కుర్చీ తెచ్చి తొట్టె ముందు వేసుకున్నాను. రోజూ ఉదయం పది నిమిషాలు కూర్చుని చూస్తున్నాను. మరక నిన్నటికంటె పెరగలేదు.

చేపలు పెంచే మిత్రులెవరైనా ఇందులో పొరపాట్లు గమనిస్తే దిద్దగలరు. దిద్దించుకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

సెలవు.